లేని బాకీని వసూలుచేయు దొంగలు

అప్పు చేయుట నేరము కాదు. తీర్పగలిగియు తీర్పకుండుట దోషము. ఈ రెండు మాటలును మన యిండ్లలో పిల్లలకు చిన్ననాటనే తెలియును. అయితే మూడవ మాట యొకటి కలదు. దానిని మనము అంతగా నేర్పుట లేదు. అదేమనగా, చేయని అప్పును తీర్చుట ధర్మమును కాదు, మర్యాదయు కాదు. అది దొంగకు బత్తెము పెట్టుటయే. ఈ వ్యాసమున మేము విద్యార్థులకు ఆ మూడవ మాటనే పాఠముగా చెప్పదలచితిమి. ఏలయనగా, ఈ కాలమున ఇంటింట నున్న సెల్‌ఫోనులో, ఎన్నడును చూడని మనుష్యుడు, ఎన్నడును పుచ్చుకొనని బాకీకై పెద్దలను బెదరించుచున్నాడు. ఆ ఫోను మ్రోగినప్పుడు తల్లిదండ్రుల ప్రక్కన నుండువాడు, వచ్చిన సందేశమును వారికి చదివి వినిపించువాడు, తరచుగా మన పాఠశాల విద్యార్థియే.

పూర్వపు వ్యవహారము

మన గ్రామములలో అప్పు ఎట్లు నడచెడిదో మొదట చూతము. ఋణదాతయు ఋణస్థుడును ఒకరినొకరు ఎరిగినవారు. రూపాయలు చేతులు మారునప్పుడు ప్రోనోటు వ్రాయబడెడిది. అందులో అసలెంతో, వడ్డీ యెంతో, తేది యేదో, పుచ్చుకొన్నవాని పేరు, తండ్రి పేరు, కాపురమున్న గ్రామము స్పష్టముగా నుండును. స్టాంపుమీద సంతకమో వ్రేలిముద్రయో పడును. కొంత సొమ్ము ముట్టినప్పుడు నోటు వెనుక చెల్లు వ్రాయుదురు. అంతయు తీరిననాడు నోటును తిరిగి యిచ్చివేయుదురు. చదువురాని రైతు సైతము “నోటు తెండి, చెల్లు వేయండి” అని యడుగకుండ పైకము చేతికీయడు. అట్లడుగుటలో ఎవరికిని అవమానము లేదు. అది వ్యవహారము.

ఈ పాత అలవాటులో ఒక గొప్ప న్యాయసూత్ర మిమిడియున్నది. బాకీ యున్నదని చెప్పువాడు దానిని ఋజువు చేయవలెను. లేదని ఋజువు చేయవలసిన భారము మనది కాదు. నేడు కాగితమునకు బదులుగా కంప్యూటరులో ఒప్పందపత్రము ఉండవచ్చును. నోటు వెనుక చెల్లుకు బదులుగా బ్యాంకు ఖాతాలో జమ పడవచ్చును. అయినను పత్రము లేని బాకీ, పేరు లేని ఋణదాత, రశీదు లేని వసూలు అప్పుడు లేవు, ఇప్పుడును ఉండరాదు. ఈ యొక్క సూత్రమును గట్టిగా పట్టుకొన్నవానిని మోసగించుట కష్టము.

ఈ మోసము ఎట్లు ప్రబలినది

2020వ సంవత్సరమున కోవిడు వ్యాధివలన పనులు నిలిచిపోయి అనేకులు జీతము కోల్పోయిన కాలములో, నిమిషములమీద అప్పిచ్చెదమని పిలుచు సెల్‌ఫోను యాప్‌లు విస్తరించినవి. వీనిలో చట్టబద్ధముగా నడచునవి కొన్ని. ఏ లైసెన్సును లేనివి అనేకములు. ఈ రెండవ తెగవారు చిన్న మొత్తమును 7 దినముల వంటి స్వల్పపు గడువునకు ఇచ్చి, రుసుము పేరిట ముందుగనే కొంత కోసికొని, మిగిలినదే చేతికిచ్చెడివారు. అంతేకాదు, యాప్‌ను ఫోనులో చేర్చుకొను సమయమున, అందులోని పేర్ల పట్టికను, ఛాయాచిత్రములను చూచుటకు అనుమతి పుచ్చుకొనెడివారు. గడువు దాటగానే ఆ పట్టికలోని బంధువులకును, తోడి ఉద్యోగులకును ఫోను చేసి “మీవాడు దొంగ” అని చెప్పుటయు, ఛాయాచిత్రములను అసభ్యముగా మార్చి పంపుటయు వారి వసూలు పద్ధతి.

ఆ యేటి చివరి నెలలలో తెలంగాణమునందు ఈ వేధింపులను తాళలేక కొందరు ప్రాణములు తీసికొనిరి. డిసెంబరు మాసమున హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కేసులు నమోదుచేసి, ఇట్టి వసూళ్లు చేయు కాల్‌సెంటర్లను సోదాచేసి పలువురను అరెస్టు చేసిరి. 2020 డిసెంబరు 23వ తేదిని రిజర్వుబ్యాంకు ప్రజలకు హెచ్చరిక ప్రకటించెను. ఆ బ్యాంకు నియమించిన సంఘమువారు 2021 నవంబరులో ప్రచురించిన నివేదికలో, తాము పరిశీలించిన సుమారు 1,100 అప్పుల యాప్‌లలో 600 అక్రమమైనవని తెలిపిరి.

ఇట్లు ప్రజల పేర్లును ఫోను నంబర్లును దొంగల చేతబడిన పిదప, అప్పిచ్చు శ్రమ కూడ వారికి అనవసరమైనది. బెదిరింపు ఒక్కటియే చాలును. నేడు వచ్చు తప్పుడు పిలుపులు మూడు విధములు. మొదటిది, ఎన్నడును చేయని అప్పు. రెండవది, పూర్వమే తీర్చివేసిన అప్పును మరల అడుగుట. మూడవది, పరుల అప్పు. అనగా ఎవరో పరిచితుని ఫోనులో మన నంబరున్నదను కారణమున మనలను పూచీదారుగా చెప్పుట. ఈ మూడవదానిని గూర్చి ఒక మాట. తాను ఒప్పుకొననిదే ఎవడును పూచీదారు కానేరడు. ఇతరుల ఫోనులో మన పేరుండుట పూచీ కాదు.

ఒక పిలుపు, దాని విభాగము

వ్యాకరణ పాఠమున వాక్యమును విభజించి చూపునట్లు, ఇట్టి పిలుపునొకదానిని విభజించి చూతము. ఇది మాదిరికై మేము కల్పించినది.

“అమ్మా, ఈ నంబరు మీదే గదా? మీ భర్తగారి పేరు ఫలానా గదా? రెండేండ్ల క్రిందట మీరు పుచ్చుకొన్న 8,000 రూపాయలు వడ్డీతో 23,400 అయినవి. మేము కోర్టు వకీలుగారి ఆఫీసునుండి మాటలాడుచున్నాము. మధ్యాహ్నము 2 గంటలలోగా కట్టనిచో పోలీసులు వారంటుతో వత్తురు. మీ వీధిలో నందరికిని మీ ఫొటో వెళ్లును. ఇప్పుడే 5,000 పంపినయెడల కేసు ఆపించెదము. ఫోను పెట్టవద్దు. ఎవరితోను చెప్పవద్దు.”

ఇందులో మొదటి రెండు ప్రశ్నలు మన నమ్మకమును సంపాదించుటకు వేసినవి. మన పేరు, భర్త పేరు, ఆధారు సంఖ్యలోని కొన్ని అంకెలు చెప్పగలిగినంతమాత్రమున వాడు ఋణదాత కాడు. మనము అక్కడక్కడ ఇచ్చిన ఆధారు నకళ్లవలనను, బూటకపు ఉద్యోగ ప్రకటనలకు పంపిన దరఖాస్తులవలనను, యాప్‌లకిచ్చిన అనుమతులవలనను ఈ వివరములు పరుల చేత పడుచుండును. పేరు తెలియుట వేరు, బాకీ ఋజువగుట వేరు.

మూడవ వాక్యములో అంకె లున్నవి గాని అప్పిచ్చిన బ్యాంకు పేరు లేదు, ఖాతా సంఖ్య లేదు, తేది లేదు. నాల్గవదానిలో అధికారవేషము. అయిదవదానిలో తొందర. ఆరవదానిలో సిగ్గు. ఏడవదానిలో బేరము, నిజమైన కోర్టు కేసు 5,000 రూపాయలకు ఫోనులో ఆగదు. చివరి రెండును అన్నిటికంటె ప్రమాదకరమైనవి, ఏలయనగా అవి మనిషిని ఒంటరిని చేయును. ఇంటిలో మరియొకరితో ఒక్కమాట చెప్పినచో ఈ మాయ చాలవరకు తొలగిపోవును. ఆ సంగతి దొంగకు బాగుగా తెలియును. కాబట్టి అధికారవేషము, తొందర, సిగ్గు, రహస్యము అను నాలుగు లక్షణములు ఒకచోట కూడినయెడల అది వసూలు కాదు, దోపిడి యని యెరుగునది.

చట్టమేమి చెప్పుచున్నది

భయమునకు మందు తెలివి. బాకీ తీర్చలేదని ఋణదాత చేయగలిగినది సివిలు వ్యాజ్యము వేయుట. కోర్టు సమను పంపును, మన వాదము వినును, సాక్ష్యము చూచును, పిదప డిక్రీ యిచ్చును, అటుపిమ్మట దాని అమలు. ఇదంతయు మధ్యాహ్నము 2 గంటలలోగా జరుగునది కాదు. 1980లో జాలీ జార్జి వర్గీసు వ్యాజ్యమున సుప్రీముకోర్టు, కేవలము బీదతనముచేత డిక్రీ సొమ్ము చెల్లింపలేనివానిని చెరలో నుంచరాదని తీర్పు చెప్పెను. చెక్కు చెల్లకపోవుట, మోసపు బుద్ధితో అప్పు చేయుట వంటివి క్రిమినలు విషయములు కావచ్చును. అవియు విచారణతో నడచును గాని, ఫోనులో సొమ్ము పుచ్చుకొని ఆపునవి కావు. పోలీసులు బ్యాంకులకు వసూలుదారులు కారు. “డిజిటల్ అరెస్టు” అనునది మన చట్టములలో ఎక్కడను లేదు.

వసూలుదారులకు రిజర్వుబ్యాంకు 2022 ఆగస్టు 12వ తేదిని ఇచ్చిన ఉత్తరువు ప్రకారము, ఉదయము 8 గంటలకు ముందుగాని, సాయంకాలము 7 గంటల తరువాతగాని బాకీకై ఫోను చేయరాదు. తిట్టుట, కొట్టుట, నలుగురిలో అవమానించుట, కుటుంబమువారి జోలికి స్నేహితుల జోలికి పోవుట, పేరు చెప్పక బెదరించుట నిషిద్ధములు. 2022 సెప్టెంబరు 2వ తేది నియమముల ప్రకారము, వసూలుదారుడు వచ్చుటకు ముందే వాని వివరములను ఋణస్థునకు తెలుపవలెను; అప్పు తీర్చు సొమ్ము ఋణదాత ఖాతాలోనికే నేరుగా పోవలెను; అప్పుల యాప్ ఫోనులోని పేర్ల పట్టికను, ఛాయాచిత్రములను తాకరాదు. 2025 జనవరిలో రిజర్వుబ్యాంకు, లావాదేవీల విషయమై ఖాతాదారులకు చేయు పిలుపులు 1600తో ప్రారంభమగు నంబర్లనుండియే చేయవలెనని బ్యాంకులను ఆదేశించెను. కనుక సాధారణమైన పది అంకెల నంబరునుండి మాటలాడుచు, ఎవరో వ్యక్తి పేరిటనున్న యు.పీ.ఐ. ఖాతాకు సొమ్ము పంపుమనువానిని వెంటనే అనుమానింపవలెను.

చేయవలసిన పనులు

ఒకటి. మూడు ప్రశ్నలు మాత్రమే అడుగునది: “అప్పిచ్చిన సంస్థ పేరేమి? ఖాతా సంఖ్య, తేది, మొత్తమేమి? పత్రమేది?” పిదప ఇట్లు చెప్పునది: “మీరు చెప్పినదంతయు వ్రాసి మా చిరునామాకు పంపండి, చూచి జవాబిచ్చెదము.” నిజమైన సంస్థకు ఈ మాటవలన కోపము రాదు. దొంగ కేకలు వేయును. కేకలు ప్రారంభమైనచో ఫోను పెట్టివేయునది. వాదించి గెలువవలసిన పని లేదు.

రెండు. ఆధారు, పాను, ఓ.టీ.పీ., పిన్ను ఏవియు చెప్పరాదు. చిరునామా మాట వచ్చినను, “సంస్థవద్ద నున్న చిరునామాకే పంపండి” అనవలెను. వారు పంపిన లింకు తెరువరాదు. మన ఫోను తెరను ఇతరులకు చూపు యాప్‌ను చేర్చుకొనరాదు. సొమ్ము మనకు వచ్చుటకు పిన్ను కొట్టవలసిన అవసరము ఎన్నడును లేదని ఇంటివారందరికిని నేర్పవలెను.

మూడు. వచ్చిన నంబరు, వేళ, చెప్పిన పేరు, అడిగిన మొత్తము నోటుపుస్తకములో వ్రాసికొనునది. సందేశములను తుడిచివేయరాదు, వాని చిత్రములను భద్రపరచునది. అవి సాక్ష్యములు.

నాలుగు. నిజము తెలిసికొనుటకు వాడిచ్చిన నంబరునకు ఫోను చేయరాదు. ఇంటర్నెట్టులో వెదకి దొరకిన నంబరునకును చేయరాదు. పాసుపుస్తకముమీద అచ్చయిన నంబరునకు చేయునది, లేదా బ్యాంకు శాఖకు స్వయముగా పోవునది. మన పేరిట ఎవరెవరు అప్పులు చూపుచున్నారో తెలుపు పత్రమును సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అను నాలుగు సంస్థలును ఏటికొకసారి ఉచితముగా ఇయ్యవలెనని 2017 జనవరినుండి నియమము కలదు. అందులో మనమెరుగని అప్పు కనబడినచో, ఆ సంస్థకును ఋణదాతకును వ్రాతపూర్వకముగా ఆక్షేపణ పంపవలెను. అప్పుల యాప్ నిజమైనదో కాదో చూచుటకు 2025 జూలైనుండి రిజర్వుబ్యాంకు వెబ్‌సైటులో పట్టిక యున్నది. అయితే పేరొకటే సరిపోలిన చాలదు. దొంగలు నిజమైన సంస్థల పేర్లనే ధరింతురు.

అయిదు. సొమ్ము పంపివేసియున్నచో సిగ్గుపడి కూర్చుండరాదు. ఆ క్షణముననే 1930 నంబరునకు ఫోను చేసి, బ్యాంకునకు తెలిపి, జాతీయ సైబరు నేరముల పోర్టలులోగాని పోలీసు స్టేషనులోగాని ఫిర్యాదు చేయవలెను. సొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు మారుచుండగా ఆపుటకు మొదటి గంటలే ముఖ్యము. సొమ్ము పోకున్నను, బెదిరింపు పిలుపును సంచార్ సాథీ పోర్టలులోని “చక్షు” విభాగమున తెలుపవచ్చును.

ఆరు. ఛాయాచిత్రములను పంపెదమని బెదరించినచో, సొమ్మిచ్చి ఆపుదమనుకొనుట పొరపాటు. ఒకసారి ఇచ్చినవాడు మరల ఇచ్చునని దొంగ లెక్కించును. అంతకంటె ముందుగనే బంధుమిత్రులకు “మా పేరిట తప్పుడు చిత్రములు, మాటలు రావచ్చును, నమ్మవలదు, సొమ్ము పంపవలదు” అని మనమే తెలుపుట మేలు. దొంగ చేతిలోని ఆయుధము అప్పుడు మొద్దువారును.

నిజమైన బాకీ యున్నచో

ఈ పాఠమును అప్పు ఎగవేయుటకు ఎవరును సాకుగా తీసికొనరాదు. పత్రము చూచిన పిదప బాకీ మనదే యని తేలినచో, దానిని ఒప్పుకొని, ఋణదాత శాఖకు పోయి, శక్తి చాలనియెడల వాయిదాలు కోరి, ప్రతి చెల్లింపునకును రశీదు పుచ్చుకొని తీర్చవలెను. బాకీ నిజమైనను వేధించు హక్కు ఎవరికిని లేదు. అట్లు వేధించినచో మొదట ఆ సంస్థకే వ్రాతమూలముగా ఫిర్యాదు చేయునది. 30 దినములలో న్యాయము జరుగనియెడల రిజర్వుబ్యాంకు ఓంబుడ్స్‌మనునకు వ్రాసికొనవచ్చును. బాకీ తీరిన పిమ్మట “బాకీ లేదు” అను పత్రమును అడిగి పుచ్చుకొని, పెట్టెలో భద్రపరచునది. పాతకాలపు చెల్లునోటువలె అది రేపటి తప్పుడు పిలుపునకు జవాబు.

విద్యార్థులకు ఒక మాట

ఈ మోసమునకు ముడిసరుకు మన పరువు. అప్పులవాడు గుమ్మమునకు వచ్చెనన్న మాటయే మన కుటుంబములలో తలవంపు. అందుచేతనే ఏ అప్పును లేని గృహిణి సైతము, వీధివారికి తెలియునను భయముతో, మంగళసూత్రమును తాకట్టు పెట్టియైనను సొమ్ము పంపుదుననుకొనును. ఇంటివారి యెదుట ఆమె యొక్కతెయే నేరస్థురాలివలె నిలుచును. అట్టివేళ “ఎందుకు పంపితివి?” అని కేకలు వేయుట దొంగకు తోడ్పడుటయే. “మంచిది, ముందు 1930కి చెప్పుదము” అనుట బిడ్డల ధర్మము.

మీలో ఎవరైన ఆటకో సరదాకో ఇట్టి యాప్‌ను ఫోనులో చేర్చుకొని చిక్కులో పడినచో, ఆ రాత్రియే తల్లిదండ్రులకు చెప్పుడు. వారికి చెప్ప ధైర్యము చాలనిచో మీ ఉపాధ్యాయునకు చెప్పుడు. పోయినది సొమ్మైన మరల సంపాదింపవచ్చును. ఏ బాకీయు, ఏ ఛాయాచిత్రమును, ఒక ప్రాణమునకు సరికాదు. మనస్సు మిక్కిలి క్రుంగినవారికై 14416 నంబరున టెలిమానస్ అను ప్రభుత్వ సహాయకేంద్రము కలదు, తెలుగులోను మాటలాడవచ్చును.

నిదానమే ప్రధానమని పెద్దలందురు. దొంగ అమ్ముకొనునది తొందర. మనము కొనకున్న వాని అంగడి మూతపడును.

అభ్యాసము

1. మాదిరి పిలుపులో అధికారవేషము, తొందర, సిగ్గు, రహస్యము అను లక్షణములు ఏయే వాక్యములలో నున్నవి?
2. మన పేరు, తండ్రిపేరు తెలిసినవాడు ఋణదాతయని ఏల నమ్మరాదు?
3. ఇతరుని ఫోనులో మన నంబరున్నంతమాత్రమున మనము పూచీదారులమగుదుమా? కారణము చెప్పుడు.
4. మీ బ్యాంకు పాసుపుస్తకములోని శాఖ నంబరును, 1930ను ఒక కాగితముమీద పెద్ద అక్షరములతో వ్రాసి, ఇంటిలో అందరికిని కనబడుచోట అంటించుడు.
5. ఈ వ్యాసములోని మూడు ప్రశ్నలను ఇంటిలోని పెద్దలకు చదివి వినిపించి, వారిచేత మరల చెప్పించుడు.